చుక్కల గీతల మెడ: ఒక పాత వయల్‌కు నకలు చేసిన నా అనుభవం

మొదటిరోజు మా మాస్టారు బల్ల మీద ఒక పెద్ద డ్రాయింగ్ పరిచారు. వాయిద్యం ఎంత ఉంటుందో అంతే సైజులో గీసింది. 17వ శతాబ్దంలో లండన్‌లో, థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న సదర్క్‌లో పనిచేసిన హెన్రీ జే అనే వాయిద్యాల పనివాడి పద్ధతిలోని బేస్ వయల్ అది, అంటే కమానుతో వాయించే పెద్ద తీగల వాయిద్యం. పెట్టె అంచులు, రంధ్రాలు, చెక్క మందం అన్నీ గట్టి గీతలతో ఉన్నాయి, పక్కన చీమల్లాంటి అంకెలు. మెడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గీతలు చుక్కలైపోయాయి.

"ఇక్కడ ఇలా ఎందుకుంది?" అని అడిగాను.

"ఆ మెడ అసలుది కాదు. మధ్యలో ఎవరో మార్చేశారు. పాతది ఎంత పొడవుండేదో, ఎంత వంచి అతికించేవారో ఎవరూ చెప్పలేరు. అది నువ్వే తేల్చుకోవాలి" అన్నారు.

నేను వెళ్లింది నకలు చేయడం నేర్చుకోవడానికి. నకలంటే ఉన్నదాన్ని చూసి దించడమే కదా అనుకున్నాను. వాయిద్యంలో చెయ్యి తిరిగే భాగమే లేనప్పుడు దేన్ని చూసి దించాలి? ఆ సాయంత్రం ట్రైన్‌లో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ చుక్కలే కళ్ల ముందున్నాయి. తర్వాత 21 నెలలు, అంటే 2021 సెప్టెంబరు నుంచి 2023 జూన్ దాకా, ఆ ప్రశ్నతోనే గడిచాయి.

వయల్ అనగానే మనవాళ్లకు వయొలిన్ గుర్తొస్తుంది. విజయనగరంలో పుట్టిన నాకైతే మరీను. ద్వారం వెంకటస్వామినాయుడుగారు మా ఊరి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశారు. నేను పుట్టేనాటికే ఆయన లేరు గానీ, ఆ కమాను గురించి మా వీధిలో పెద్దవాళ్లు మాట్లాడుకోవడం వింటూ పెరిగాను. అందుకే వయల్ గురించి మొదట విన్నప్పుడు, వయొలిన్‌కు ముందు రూపం కాబోలు అనుకున్నాను. కాదు. రెండూ దాదాపు ఒకే కాలంలో పక్కపక్కన పెరిగిన వేర్వేరు కుటుంబాలు. వయల్ మూలం స్పెయిన్‌లో ఉంది. గిటార్‌కు దగ్గరి చుట్టమైన విహ్వేలా అనే వాయిద్యాన్ని 15వ శతాబ్దం చివర్లో వాలెన్సియా ప్రాంతంలో కమానుతో వాయించడం మొదలుపెట్టారు. అక్కడినుంచి ఇటలీకి, తర్వాత యూరప్ అంతటికీ పాకింది. ఇటలీవాళ్లు దీన్ని వయోలా ద గంబా అంటారు. గంబా అంటే కాలు. చిన్నదైనా పెద్దదైనా మోకాళ్ల మీదో, కాళ్ల మధ్యో నిలబెట్టుకుని వాయిస్తారు. కమానును అరచెయ్యి పైకి ఉండేలా, కింది నుంచి పట్టుకుంటారు.

వీణ నేర్చుకున్నవాళ్లకు దీన్ని చూస్తే చుట్టరికం కనిపిస్తుంది. మెడ మీద మెట్లుంటాయి. అయితే వీణలోలాగ మైనంలో నిలిపిన ఇత్తడి మెట్లు కావు. గొర్రె పేగుతో చేసిన తంతిని మెడ చుట్టూ తిప్పి ముడివేస్తారు, అదే మెట్టు. అలాంటివి ఏడుంటాయి. తీగలు ఆరు. పక్కపక్క తీగల మధ్య సా–మ దూరం ఉంటుంది, సరిగ్గా మధ్యలో ఒక్కచోట మాత్రం సా నుంచి అంతర గాంధారం. వీపు వయొలిన్‌లా ఉబ్బి ఉండదు, బల్లపరుపుగా ఉంటుంది.

ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దంలో కలిగినవాళ్ల ఇళ్లలో ఒక పెట్టెలో ఆరు వయల్‌లు ఉండేవి, రెండు చిన్నవి, రెండు మధ్యవి, రెండు పెద్దవి. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లోవాళ్లూ వచ్చినవాళ్లూ కూర్చుని వాయించుకునేవారు. అది నలుగురి మధ్య మాట్లాడుకున్నట్టు సాగే సంగీతం. పెద్ద హాళ్లు వచ్చాక, వినేవాళ్లు వందలమంది అయ్యాక, ఆ గొంతు సరిపోలేదు. వయొలిన్, దాని కుటుంబంలోనే పెద్దదైన చెల్లో నిలబడ్డాయి. వయల్ విద్వాంసుల్లో ఆఖరి పెద్దపేరు కార్ల్ ఫ్రీడ్రిక్ ఆబెల్ 1787లో లండన్‌లోనే చనిపోయాడు. ఆ తర్వాత మిగిలిన వయల్‌లలో చాలావాటికి మెడ కోసేసి, నాలుగు తీగల మెడ అతికించి, చెల్లోలుగా మార్చేశారు. నా డ్రాయింగ్‌లోని చుక్కల వెనక ఉన్న కథ ఇదే. 19వ శతాబ్దం చివర్లో ఆర్నల్డ్ డోల్మెచ్ పాత వయల్‌లను వెతికి, బాగుచేసి, వాయించి, తర్వాత తానే కొత్తవి చేయడం మొదలుపెట్టాడు. ఆయన స్థిరపడిన హేజల్‌మియర్ ఊళ్లో 1925లో పాత సంగీతానికి ఒక ఉత్సవం కూడా పెట్టాడు. ఆయన లేకపోతే నేను ఈ పని నేర్చుకునే బల్ల ఉండేదే కాదు.

నేను వృత్తికి సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. లండన్‌లో ఒక చర్చిలో సాయంత్రం కచేరీకి ఊరికే వెళ్లాను. బేస్ వయల్ కింది తీగ మీద కమాను పడగానే, చిన్నప్పుడు వీణ క్లాసులో మా టీచరుగారి మంద్రం గుర్తొచ్చింది. మీటు కాదు, కమానే, అయినా ఆ చెక్కలోంచి వచ్చే ఊపిరి ఒకటే. కచేరీ అయ్యాక వాయించినామెను ఇది ఎవరు చేశారని అడిగాను. ఆమె పంపిన చోటికే వెళ్లాను. వారానికి రెండు సాయంత్రాలు, నెలకు రెండు శనివారాలు.

కలప దగ్గరే మొదటి పాఠం. ముఖానికి, అంటే తీగల కిందుండే పై పలకకు, స్ప్రూస్ కలప, వీపుకూ పక్కలకూ మేపుల్ కలప. మాస్టారు స్ప్రూస్ దుంగలోంచి చీల్చిన ముక్కను వేలి కణుపుతో తట్టి వినమన్నారు. ముందు నాకేమీ తేడా తెలియలేదు. పది ముక్కలు తట్టాక ఒకటి గంటలా నిలిచి మోగింది. దాన్నే తీసుకున్నాం. దాని గీతలు సన్నగా, దగ్గరగా ఉన్నాయి. చెట్టు మెల్లగా, చలిచోట పెరిగిందన్నమాట.

మాకు బొబ్బిలి దగ్గరే. గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లను చిన్నప్పుడు చూశాను. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి, తల అన్నీ తొలుస్తారు, అతుకు ఉండదు, అందుకే ఏకాండి వీణ అంటారు. నా చేతికి వచ్చిన పని దానికి పూర్తిగా ఎదురు. పలుచని చెక్కలు, అన్నీ అతుకులే. ఒక పనివాడు దుంగలోంచి అక్కర్లేనిది తీసేస్తూ వాయిద్యాన్ని బయటికి తెస్తాడు, ఇంకొకడు బద్దలను ఒకదానికొకటి చేరుస్తూ కడతాడు. ఎదురుగా నిలబడి రెండూ ఒక్కటే చోటికి ఎలా వస్తాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పక్కల పట్టీలు రెండు మిల్లీమీటర్ల మందం. వేడి ఇనుప గొట్టానికి తడిబట్ట అడ్డం పెట్టి, పట్టీని దానికి ఒత్తుతూ వంచాలి. అది వంగడానికి సిద్ధమైనప్పుడు చేతికి తెలుస్తుంది. రొట్టె కాలేటప్పుడు పొంగినట్టు ఒక్కసారి మెత్తబడుతుంది. ఆ క్షణానికి ముందు తోస్తే విరుగుతుంది. రెండు పట్టీలు విరగ్గొట్టాకే ఆ క్షణం పట్టుబడింది.

ఇక్కడే మొదటి వాదన వచ్చింది. డ్రాయింగ్‌లో పెట్టె కుడి ఎడమలు సమానంగా లేవు. కింది భాగం ఒకవైపు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ వంకరను కూడా దించాలా? "దించేముందు చెప్పు, ఇది జే కావాలని చేశాడా, చెయ్యి జారిందా, నాలుగు వందల ఏళ్లలో చెక్క కుంచించుకుపోయిందా?" అని మాస్టారు అడిగారు. నాకు తెలియదు. కొందరు బాగా మిగిలిన సగాన్ని తీసుకుని, దాన్నే అద్దంలోలా తిప్పి రెండో సగం గీస్తారు. కొలతలు పొందికగా వస్తాయి, నిజమే. కానీ అలాంటి వయల్ ఎప్పుడూ ఎక్కడా లేదు కదా అని నాకు మనసొప్పలేదు. ఆయన నవ్వి, మూస ఏదీ పెట్టకుండా, చదునైన వీపు పలక మీదే గీత గీసి, పట్టీలను ఒక్కొక్కటీ కంటితో చూసుకుంటూ అతికించుకు రమ్మన్నారు. అలాగే చేశాను. అయ్యాక కొలిస్తే నాది ఒకవైపు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. వంకరను నేను దించలేదు, ఆ పద్ధతిలో చేస్తే దానంతటదే వచ్చింది. జే చేతికీ ఇలాగే వచ్చి ఉండొచ్చు అనుకున్నప్పుడు ఒళ్లు ఝల్లుమంది. నకలంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది ఆ సాయంత్రమే. దించాల్సింది గీతను కాదు, ఆ గీత వచ్చేలా చేసిన పనిని.

ముఖం చేయడమే అన్నిటికంటే పెద్ద పని, అన్నిటికంటే అందమైనదీను. వయొలిన్ ముఖాన్ని మందపాటి చెక్కలోంచి ఉలితో తొలిచి ఉబ్బెత్తుగా చేస్తారు. డోల్మెచ్ తర్వాత చాలాకాలం వయల్ చేసేవాళ్లు కూడా అలాగే చేశారు. కానీ పాత ఇంగ్లిష్ వయల్‌లు తెరిచి లోపల చూసినవాళ్లకు ఒక సంగతి కనిపించింది. చెక్కలోని గీతలు ఉబ్బు వెంటే వంగుతున్నాయి. తొలిస్తే ఉలి ఆ గీతలను అడ్డంగా కోసుకుంటూ పోవాలి కదా. అంటే ఆ ముఖాలు తొలిచినవి కావు, వేడితో వంచినవి. లండన్‌లో వయల్‌లు చేసిన డీట్రిచ్ కెస్లర్ 1982లో దీని మీద వివరంగా రాశారు. ఐదు బద్దలు, కొన్నిటికి ఏడు, విడివిడిగా వంచి, పీపా బద్దల్లా అంచులు కలిపి అతికించేవారు. నార తెగదు కాబట్టి పలుచగా చేసినా బలం ఉంటుంది. ఆ బలం వల్లే ఇంగ్లిష్ వయల్‌కు పిలవగానే పలికే గొంతు వచ్చిందని మా మాస్టారి నమ్మకం. ఇప్పుడు నాదీ అదే.

ఐదు బద్దలు కోసుకున్నాను. మధ్య బద్ద నిడివిగా వంగాలి, మీద కొంచెం ఉలి పని కూడా ఉంటుంది. దాని పక్కవి రెండు, అంచువి రెండు, ఒక్కోదానిది ఒక్కో వంపు. వాటి అంచులు ఒకదానికొకటి ఆనాలంటే, రెండువైపులా వంగిన చెక్క అంచును వంగిన గీత మీదే చిత్రిక పట్టాలి. దీపం వెనక పెట్టి అతుకు చూస్తే వెలుతురు కనిపించకూడదు. మొదటి అతుకుకు మూడు వారాలు పట్టింది. సాయంత్రం వెళ్లేసరికి నిన్న సరిపోయిన అంచు ఈరోజు సరిపోయేది కాదు, చెక్క రాత్రంతా కొంచెం విప్పుకునేది. ఏడుపొచ్చిన రోజులున్నాయి.

ఒక శనివారం నాలుగో బద్ద వంచుతుంటే టప్‌మని చప్పుడైంది. సగం పొడవునా చీలింది. తప్పు నాదే, ఆ రోజు ఆఫీసు పని టెన్షన్‌తో వచ్చి, చెక్క మెత్తబడేదాకా ఆగలేదు. అదే దుంగలోంచి వచ్చిన ముక్క ఇంకొకటి మాత్రమే మిగిలింది. మాస్టారు ఏమీ అనలేదు. టీ తెచ్చి, "ఈరోజు ఇంక ఇనుము ముట్టుకోకు" అన్నారు. ఆ మిగిలిన ముక్కను మరుసటి వారం వంచాను. ఊపిరి బిగబట్టి వంచానని చెబితే అతిశయం కాదు.

జిగురు పశువుల తోళ్లు ఉడికించి తీసేదే. గిన్నెను వేడినీళ్లలో ఉంచి 60 డిగ్రీల దగ్గర నిలపాలి. ఎక్కువ కాగితే బలం పోతుంది. పూశాక నిమిషంలోపే ముక్కలు బిగించాలి, లేకపోతే జావలా గడ్డకడుతుంది. ఇప్పటి జిగుర్లు ఇంతకంటే తేలిక కదా అని అడిగాను. దీన్ని వేడినీళ్లతో, వేడిచాకుతో మళ్లీ విప్పొచ్చు, అందుకే ఇదే వాడతారు. వాయిద్యం మూడు వందల ఏళ్లు బతకాలంటే పదిసార్లు విప్పించుకోవాలి. ఆ మాట తర్వాత నాకే పనికొచ్చింది.

వీపు పలక సంగతి త్వరగా చెప్పేస్తాను. మూడు మిల్లీమీటర్ల మేపుల్, పైభాగంలో మెడ వైపు ఒక మడత, లోపల అడ్డ పట్టీలు, ముఖానికీ వీపుకూ మధ్య నిలబెట్టే చిన్న కర్ర, నాద స్తంభం, ఆనేచోట వెడల్పాటి పలక. మొదటి చలికాలం మా ఫ్లాట్‌లో హీటరు పక్కన పెట్టడం వల్ల దాని మధ్య అతుకు జానెడు మేర విచ్చుకుంది. మళ్లీ అతికించి, లోపల చిన్న చిన్న చెక్క బిళ్లలు వేశాను. ఆ బిళ్లలు ఇప్పటికీ రంధ్రంలోంచి చూస్తే కనిపిస్తాయి.

తల చెక్కేటప్పుడు నాకొక ఆశ పుట్టింది. పాత వయల్‌లకు మనిషి తల, సింహం తల చెక్కినవి ఉన్నాయి. మన వీణకు యాళి తల ఉంటుంది కదా. నా వయల్‌కు యాళి పెడితే? రెండు వారాలు బొమ్మలు గీశాను, అమ్మ దగ్గర ఫోటోలు కూడా తెప్పించుకున్నాను. చివరికి మానేశాను. నేను చేస్తున్నది నా వాయిద్యం అయితే యాళి పెట్టేదాన్ని. కానీ జే పనిని తెలుసుకోవడానికి చేస్తున్న దానిలో, తెలియనిచోట మాత్రమే నా నిర్ణయం ఉండాలి, తెలిసినచోట ఉండకూడదు. డ్రాయింగ్‌లో ఉన్నట్టే, మధ్యలో గాలి ఆడేలా తొలిచిన చుట్ట చెక్కాను. యాళి బొమ్మలు నోట్‌బుక్‌లో ఉన్నాయి.

పెట్టె మూసేముందు లోపల చీటీ అతికిస్తారు. జే తన చీటీల మీద పేరు, సదర్క్, సంవత్సరం వేసేవాడు. నేను తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పేరు రాసి, విజయనగరం, లండన్ అని రాశాను. కింద పెన్సిల్‌తో ఇంకో మాట: "పెట్టె కొలతలు డ్రాయింగ్‌లోవి. మెడ కొలతలు నావి. తీగ పొడవు 71 సెంటీమీటర్లు." నా తర్వాత దీన్ని తెరిచేవాళ్లకు చుక్కల గీతలు మిగల్చకూడదని రాశాను.

ఆ 71 ఎలా వచ్చిందో చెప్పాలి. క్రిస్టఫర్ సింప్సన్ అనే వయల్ గురువు 1659లో అచ్చయిన తన పుస్తకంలో డివిజన్ వయల్ అనే ఒక రకం బేస్ వయల్‌కు తీగ పొడవు 30 అంగుళాలు ఉండాలన్నాడు. అంటే 76 సెంటీమీటర్ల పైనే. ఆ కాలపు మనిషి స్వయంగా చెప్పిన మాట, అంతకంటే ఏం కావాలి అని నేను సంబరపడ్డాను. కానీ నా డ్రాయింగ్‌లోని పెట్టె పొడవు 66 సెంటీమీటర్లే. దానికి 30 అంగుళాల తీగ వేస్తే మెడ మరీ పొడుగైపోతుంది, ఎడమచెయ్యి మొదటి మెట్టును చేరుకోవడమే కష్టం. ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ఆష్మోలియన్ మ్యూజియంలో వయల్‌ల ముందు ఒక పూటంతా నిలబడ్డాను. జాన్ రోజ్ 1600 ప్రాంతంలో చేసిన వయల్ అక్కడ ఉంది. ముట్టుకోనివ్వరు, అద్దం ఇవతలి నుంచి కళ్లతో పెట్టెకూ మెడకూ ఉన్న పొంతన చూసుకోవడమే. ఇంకోవైపు దక్షిణ లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో డోల్మెచ్ సేకరించిన వాయిద్యాలు ఉన్నాయి, అక్కడికి మూడుసార్లు వెళ్లాను. తిరిగి వచ్చాక అట్టముక్కలతో 69, 71, 73 సెంటీమీటర్లకు మూడు మెడలు కత్తిరించి, ఖాళీ పెట్టెకు కట్టుకుని, కుర్చీలో కూర్చుని చెయ్యి ఆడించి చూశాను. 71 దగ్గర చెయ్యి తనంతట తాను నిలిచింది. ఆ పెట్టె ఎవరి ఒళ్లో కూర్చుని వాయించడానికి చేశారో ఆ మనిషి చెయ్యి కూడా నా చెయ్యి లాంటిదేనని నమ్మడం తప్ప నాకు వేరే ఆధారం లేదు.

పొడవు సరే, కోణం? మెడ ఎంత వెనక్కి వాలాలో దాన్నిబట్టి బ్రిడ్జి (తీగలను ముఖం మీద ఎత్తి పట్టే చెక్క) ఎత్తు, ముఖం మీద పడే ఒత్తిడి, గొంతు అన్నీ మారతాయి. లెక్క వేసి అతికించాను. రంగు వేయకముందే తెల్లచెక్క మీద తీగలు కట్టి చూడడం అలవాటు. 2023 ఫిబ్రవరిలో కట్టాం.

పేగు తీగలు తెచ్చుకున్న రోజు అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ చెప్పాను. మాది ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇల్లు.

"ఏటే, పేగులా? గొర్రె పేగులు మన ఇంట్లో పెట్టుకున్నావా?"

"అమ్మా, మృదంగానికి ఉన్నది తోలే కదా."

కాసేపు ఏమీ అనలేదు. "అదీ నిజమేలే. మరి మోగిందా?" అంది.

మోగింది. గొంతు చిన్నగా, కొంచెం బొంగురుగా, కానీ లోతుగా. ఆ సాయంత్రం కింది తీగ మీద ఒక్క స్వరాన్నే అరగంట లాగుతూ కూర్చున్నాను. వారం తిరిగేసరికి తీగల బిగువుకు మెడ ముందుకు వాలింది. మెడ మీద వేళ్లు నొక్కే పలక, అంటే ఫింగర్‌బోర్డు, చివర తీగలు 12 మిల్లీమీటర్ల ఎత్తుకు లేచాయి. ఏడు దాటకూడదు. నాలుగో మెట్టు దగ్గర నొక్కితే వేలి చివర నొప్పి పుట్టింది.

తేలిక దారి ఒకటుంది, బ్రిడ్జిని కోసి పొట్టిచేయడం. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. కానీ బ్రిడ్జి పొట్టిదైతే అంచు తీగల మీద వాయించేటప్పుడు కమాను పెట్టె నడుముకు తగులుతుంది, ముఖం మీద ఒత్తిడి తగ్గి గొంతు కూడా సన్నబడుతుంది. నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మాస్టారు నిర్ణయం నాకే వదిలేశారు. మూడోరోజు వెళ్లి మెడ విప్పేస్తానన్నాను. స్పిరిట్ చుక్కలు అతుకులోకి పోస్తూ, వేడిచాకును వెంట్రుకవాసి లోపలికి జరుపుతూ, రెండు గంటలు. చివరికి చిన్న నిట్టూర్పులాంటి చప్పుడుతో మెడ విడివడి చేతిలోకి వచ్చింది. తోలు జిగురు ఎందుకో నాకప్పుడు అర్థమైంది. అతుకు మొహాన్ని మళ్లీ చిత్రిక పట్టి, ఒక పలుచని మేపుల్ చీలిక వేసి, ఈసారి తీగల లాగుడుకు కొంత వదిలి, మెడను వెనక్కి వాల్చి అతికించాను. ఫింగర్‌బోర్డు గీతను బ్రిడ్జి దాకా పొడిగించి చూస్తే ఆరు మిల్లీమీటర్లు పైకి లేచింది.

పాత మెడలను కోసి పారేసినవాళ్ల మీద నాకు అప్పటిదాకా కోపం ఉండేది. విడివడిన మెడ చేతిలో పట్టుకున్న రోజున, వాళ్లలో కొందరైనా నాలాగే తీగలు లేచిపోయి, ఏం చేయాలో తోచక ఆ పనికి దిగి ఉంటారనిపించింది.

వార్నిష్ అవిసె నూనె, పైన్ చెట్టు బంక కలిపి కాచింది. నిప్పు అంటుకునే పని కాబట్టి పెరట్లో కాచాం. ఆరడానికి గాలితోపాటు వెలుతురు కావాలి. లండన్ ఏప్రిల్ ఎండను నమ్ముకుంటే మొదటి పూత పది రోజులకు కూడా వేలికి అంటింది. మా ఊళ్లో అయితే మేడ మీద రెండు మధ్యాహ్నాలు చాలు. ఐదు పూతలకు మేనెల అంతా పట్టింది. రంగు తేనెలోంచి నెమ్మదిగా పాత ఇత్తడి వైపు మారింది.

ఇక మెట్లు. మొదటి మెట్టు ఎక్కడ కట్టాలో చెప్పే పాత లెక్క ఒకటుంది. తీగ పొడవును 18 భాగాలు చేసి, ఒక భాగం దగ్గర మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్లీ 18 చేసి రెండోది. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో ల్యూట్ కోసం చెప్పిన లెక్క ఇది. నా 71 సెంటీమీటర్లకు మొదటి మెట్టు 39.4 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది. అది మొదలు మాత్రమే. తర్వాత చెవితో జరుపుకోవాలి, కొన్ని మూడో స్వరాలు (సా నుంచి గ లాంటివి) తియ్యగా ఉండాలంటే మెట్టును గోటితో కొంచెం తోస్తాం. వీణకు మేళం కట్టేటప్పుడు మైనంలో మెట్టును నిలబెట్టే మనిషి కూడా ఇలాగే చెవి పెట్టి చేస్తాడు, కానీ మైనం గడ్డకట్టాక ఇంక అంతే. ఇక్కడ వాయించేవాళ్లే పాటకు ముందు ఒక్క క్షణంలో జరుపుకుంటారు. ముడి వేయడం నేర్చుకోవడానికి ఒక మీటరు తంతి పాడైంది. బిగించి, కొసలు కత్తిరించి, వేడి ఇనుముతో ముట్టిస్తే కొస గుండీలా ఉబ్బి ముడి జారకుండా పట్టుకుంటుంది.

జూన్‌లో ఒక ఆదివారం, మొదట చర్చిలో నేను విన్నామె వచ్చారు. ఇంకో ముగ్గురు తమ వయల్‌లతో వచ్చారు. నేను వాయించేంత నేర్చుకోలేదు, నా వయల్ ఆమె ఒళ్లో ఉంది. శ్రుతి చేసుకుని, రెండు మెట్లు కొంచెం కిందికి తోసి, మొదలుపెట్టారు. నాలుగు గొంతుల్లో నాది ఎక్కడుందో మొదట వెతుక్కున్నాను. తర్వాత వెతకడం మానేశాను. అయ్యాక ఆమె మెడను నిమిరి, "చెయ్యికి అడ్డురావడం లేదు" అన్నారు. ఫోన్ ఆన్ చేసి పెట్టాను, విజయనగరంలో అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. "మంద్రం బాగుందే" అంది అమ్మ, ఇంకేమీ అనలేదు.

అందరూ వెళ్లాక ఒక పని మిగిలింది. పెట్టె లోపలి చీటీ మీద మెడ గురించి నేను రాసింది ఇప్పుడు పూర్తి నిజం కాదు. చిన్న కాగితం ముక్క మీద రాశాను: "మెడ ఒకసారి విప్పి మళ్లీ అతికించాను, మార్చి 2023. మేపుల్ చీలిక వేశాను. 6 మి.మీ. పెంచాను. తీగ పొడవు మారలేదు." వెనక జిగురు రాసి, పొడవాటి చిమటాతో పట్టుకుని, పంటి డాక్టర్లు వాడే అద్దం ఒక చేత్తో, టార్చి నోట్లో పెట్టుకుని, సి ఆకారపు రంధ్రంలోంచి లోపలికి దించాను. మొదటిసారి పక్కకు పోయింది. రెండోసారి పాత చీటీ కిందే సరిగ్గా ఆనింది. జిగురు పట్టేదాకా చిమటా కొసతో ఒత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాను.